లోపలికి పడిన ముక్క

మొగిలిపాళెం,
9 ఆగస్టు 2023

చెల్లెలు కెజియాకు,

అక్క డెబోరా రాసేది. కవరు చూసి కంగారు పడకు, ఎవరూ పోలేదు. అమ్మ తర్వాత మన ఇంట్లో పోవడానికి నేనొక్కదాన్నే ఉన్నాను, నేను బాగానే ఉన్నాను.

రెబెక్కమ్మ మొన్న ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చింది. విప్పితే పేపర్లో నీ ఫోటో. కావలి పేజీలో వేశారు. కృష్ణబిలం నుంచి శక్తి తీసే పరిశోధనలో కావలి ఆడబిడ్డ అని పైన పెద్ద అక్షరాలు. నీ గడ్డం మీద చేప నూనె మరక. జుట్టు కత్తిరించుకున్నావు. ఆరేళ్ళుగా క్రిస్మస్‌కు ఒకసారి ఫోను, బాగున్నావా అంటే బాగున్నాను, అంతే కదా మన మాటలు. వాటి మధ్యలో జుట్టు సంగతి ఎక్కడ ఇరికిస్తావులే.

ఇకనుంచి ఆ ఫోను కూడా వద్దు. నాకు వినపడడం లేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో అరిస్తే కాస్త అందుతుంది. పోయిన క్రిస్మస్‌కు నువ్వు ఏం మాట్లాడావో నాకు ఒక్క మాట తెలియదు. ఊరికే ఊఁ కొట్టాను. వాట్సాప్ అంటావేమో, ఆ బుల్లి అక్షరాల మీద నా వేలు పెడితే నాలుగు అక్షరాలు ఒకేసారి పడతాయి. ఉత్తరం రాయి.

గురువారం స్త్రీల సమాజంలో ప్రార్థన మనవులు అడిగితే నేను లేచి, మా చెల్లెలు ఏదో బిలం దగ్గర పనిచేస్తోంది, క్షేమంగా ఉండేట్టు ప్రార్థించండి అన్నాను. రెబెక్కమ్మ చాలాసేపు ప్రార్థించింది. ఏమని చేశావు అని తర్వాత అడిగితే నా చెవిలో అరిచి చెప్పింది: "బిలంలో పడిన బిడ్డను పైకి లాగు తండ్రీ అని చేసినానమ్మే. ఇంకెట్టా చేసేది?" నువ్వు పడలేదని నాకూ గట్టిగా తెలియదు కాబట్టి ఊరుకున్నాను.

ఇంతకీ నువ్వు చేసే పని ఏమిటో నాకు అర్థమయ్యేట్టు రాయి. మూడు గుంటల్లోనూ రొయ్యలు బాగున్నాయి.

నీ అక్క,
డెబోరా


పూణె,
27 ఆగస్టు 2023

అక్కా,

కవరు మీద నీ అక్షరాలు చూసి, విప్పకుండా సాయంత్రం దాకా సంచిలో పెట్టుకుని తిరిగాను. ఇక్కడ నాకు వచ్చేవన్నీ అచ్చు అక్షరాల ఉత్తరాలే.

ముందు చెవి సంగతి. నెల్లూరు వెళ్ళి డాక్టరుకు చూపించు. ఆ ఇంజిను షెడ్డులో ఇరవై ఏళ్ళు కూర్చుంటే ఏ చెవి మాత్రం నిలుస్తుంది. మిషను పెడతామంటే పెట్టించుకో, సిగ్గుపడకు.

నేను ఏ బిలంలోనూ పడలేదని రెబెక్కమ్మ ఆంటీకి చెప్పు. నా పని కాగితం మీద లెక్క, అంతే. నీకు తెలిసినదానితోనే చెబుతాను. గుంటకు నాలుగు మూలలా నీళ్ళు చిలికే ఏరియేటర్ల చక్రాలు ఒకే వైపు తిప్పినప్పుడు నీళ్ళన్నీ గుండ్రంగా తిరిగి చెత్తంతా నడుమకు చేరుతుంది కదా. కృష్ణబిలం అంటే తన బరువుకు తానే కుంగిపోయిన పెద్ద నక్షత్రం. దాని అంచు దాటి లోపలికి పోయింది ఏదైనా, వెలుగైనా సరే, తిరిగి రాదు. అది తిరుగుతూ తన చుట్టూ ఉన్న చోటునే తిప్పుతుంది. ఆ అంచుకు బయట ఒక వలయం ఉంది. అక్కడ ఏదీ కదలకుండా నిలబడలేదు, దానితో పాటు తిరగాల్సిందే. కానీ అక్కడినుంచి ఇంకా బయటికి రావచ్చు.

ఆ వలయంలోకి ఒక వస్తువు వెళ్ళి అక్కడ రెండు ముక్కలైందనుకో. ఒక ముక్క బిలం తిరిగే దిక్కుకు ఎదురుగా లోపలికి పడుతుంది, రెండోది బయటికి వస్తుంది. ఎదురుగా పడిన ముక్క వల్ల బిలం తిరుగుడు కాస్త నెమ్మదిస్తుంది. ఆ తగ్గినది బయటికి వచ్చే ముక్కకు బలమవుతుంది. రెండూ కలిసి ఉన్నప్పుడు ఎంత శక్తి ఉందో, అంతకన్నా ఎక్కువ శక్తితో ఆ ఒక్క ముక్కే బయటపడుతుంది. యాభై ఏళ్ళ కిందటి ఆలోచన ఇది. ఎవరూ చేసి చూడలేదు. అలా ఎంత శక్తి తీయవచ్చో లెక్కగట్టడమే నా పని.

ఇక్కడ నా ఉద్యోగం మార్చి పదిహేనుతో అయిపోతుంది. తర్వాత ఏమిటో ఇంకా తెలియదు. గుంటలు బాగున్నాయని రాశావు, సంతోషం.

కెజియా


మొగిలిపాళెం,
20 సెప్టెంబరు 2023

కెజియాకు,

నీ ఉత్తరం గట్టు మీద కూర్చుని నాలుగుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. నాలుగోసారికి బాగానే అర్థమైంది.

ఒకటి లోపల పడితేనే ఇంకొకటి బలంగా బయటపడుతుంది. అంతే కదా. దీనికి పూణె దాకా పోవాలా? మొగిలిపాళెంలో ఎవరిని అడిగినా చెబుతారు. నాన్న సముద్రంలో పోయేనాటికి నేను ఇంటర్మీడియెట్, నువ్వు మూడో తరగతి. నేను పుస్తకాలు అటక మీద పెట్టి గుంటల మీదికి వచ్చాను. నువ్వు హైదరాబాదులో పెద్ద చదువు చదివి బయటపడ్డావు. అమ్మ మంచాన పడితే నేను చూశాను, మట్టి చేయడానికి నువ్వు వచ్చావు. నలభై రోజులు తిరగకుండా రైలెక్కావు.

కోపంగా రాస్తున్నానని అనుకోకు. అనుకుంటే అనుకో. ఒక్క సంగతి అడుగుతాను, చెప్పు. బయటపడిన ముక్క గురించి ఇంత రాశావు. లోపల పడినదాని సంగతి ఏమిటి? అది తర్వాత ఏమవుతుందో మీరెవరూ లెక్కగట్టరా?

చెవి డాక్టరు దగ్గరికి పోయేందుకు తీరిక లేదు, గుంటల పని. నీ కోసం స్త్రీల సమాజం మూడు వారాలు ఉపవాసం పెట్టింది. నువ్వు బిలంలో లేవని చెప్పాను. అయినా మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదంట.

డెబోరా


పూణె,
15 అక్టోబరు 2023

అక్కా,

నేను మన గురించి రాయలేదు. నువ్వు అడిగావని లెక్క గురించి రాశాను. నువ్వు అందులో నిన్ను చూసుకున్నావు. నేను ఎలా రాసి ఉంటే చూసుకోకుండా ఉండేదానివో ఇరవై రోజులుగా ఆలోచిస్తున్నాను, తోచడం లేదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. లోపల పడినది ఏమవుతుందో మేము లెక్కగట్టం. అక్కడినుంచి ఏ కబురూ బయటికి రాదు, అందుకని.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. వారం కిందట ఆండ్రూ పాస్టరుగారు ఫోను చేశారు. సంఘం వార్షికోత్సవ పుస్తకంలో నా గురించి రాయాలంట. పుట్టిన తేదీ చూద్దామని రిజిస్టరు తీస్తే నా పేరు మీద ఎర్ర సిరా గీత ఉందని, 2018లోనే నా బదిలీ పత్రం డెబోరమ్మ తీసుకుపోయినట్టు సంతకం కూడా ఉందని చెప్పారు. "అమ్మాయ్, నువ్వు ఏ సంఘంలో చేరినావు, ఆ పేరు చెప్తే రాసుకుంటా" అన్నారు. నేను ఎక్కడా చేరలేదు అక్కా. ఇక్కడి గుళ్ళలో ఇంగ్లీషు, మరాఠీ. రెండుసార్లు వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని వచ్చేశాను. ఆదివారాలు ఆఫీసులో కూర్చుంటాను, ఆ రోజు ఎవరూ ఉండరు కాబట్టి. వారం మొత్తంలో తెలుగులో ఒక మాట మాట్లాడే అవసరం రాదు. నీకు ఉత్తరం రాసేటప్పుడు పైకి చదువుకుంటూ రాస్తున్నాను, నా గొంతు నాకు వినపడాలని.

అంటే ఇప్పుడు నేను ఏ సంఘానికీ చెందను. రేపు నేను చచ్చిపోతే సంఘం సమాధుల్లో అమ్మ పక్కన నాకు చోటు కూడా లేదు. నేను వెళ్ళిన రోజు కావలి స్టేషన్లో "రైలెక్కితే మళ్ళా నా గడప తొక్కబాక" అన్నావు. కోపంలో అన్న మాట అని ఆరేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. రిజిస్టరులో గీత కూడా కోపంలోనే గీయించావా?

కెజియా


మొగిలిపాళెం,
5 నవంబరు 2023

కెజియాకు,

బదిలీ పత్రం నేనే తీసుకున్నాను. నా బైబిల్లో ఉంది. దాని గురించి ఇప్పుడు రాయలేను.

మొన్న సమాధుల పండుగ. అమ్మ సమాధికి నేనే సున్నం వేశాను. సముద్రపు గాలికి కొవ్వొత్తులు నిలవవని తెలుసు కదా, నీళ్ళ సీసాలు సగానికి కోసి వాటిలో పెట్టాను. అందరి ఇళ్ళవాళ్ళూ గుంపులుగా వచ్చారు. పాటలు పాడుతున్నారని నోళ్ళు కదలడం చూసి తెలుసుకుని నేనూ నోరు కదిపాను. ఏ చరణంలో ఉన్నారో తెలియదు. రెబెక్కమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. పాట అయిపోయి ప్రార్థన జరుగుతోందంట, నేనొక్కదాన్నే పాడుతున్నానంట.

మార్చి తర్వాత ఏమిటో తెలియదని రాశావు. నీకు ఎక్కడ మేలైతే అక్కడికి వెళ్ళు. నా గురించి చూడొద్దు. ఇక్కడ నాకు గుంటల పనితోనే సరిపోతోంది.

డెబోరా


పూణె,
10 డిసెంబరు 2023

ప్రియమైన అక్కకు,

ఈ ఉత్తరం రాయడానికి నెల పట్టింది. నీ ఉత్తరం చూసి మొదట ఏడ్చాను. నా గురించి చూడొద్దు అంటే రావద్దు అనే కదా. తర్వాత పనిలో పడి ఒక పాత లెక్క మళ్ళీ వేసినప్పుడు నాకు విషయం తెలిసింది.

ఆ రెండు ముక్కలు ఎలా విడిపోతాయో నీకు రాయలేదు. అవి మెల్లగా విడిపోతే ఏమీ ఒరగదు. ఒకదాన్నుంచి ఒకటి వెలుగు పరిగెత్తే వేగంలో సగానికి మించిన వేగంతో విడిపోవాలి. అంత బలంగా నెట్టుకుంటేనే ఒకటి లోపలికి, ఒకటి బలం పుంజుకుని బయటికి. మృదువుగా విడిపోయినవాటికి ఆ లాభం లేదు. ఇది విద్యార్థులకు కూడా తెలిసిన ఫలితమే, నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఈసారి వేస్తుంటే కావలి స్టేషను గుర్తొచ్చింది.

నువ్వు ఏడుస్తూ సాగనంపి ఉంటే నేను వెళ్ళేదాన్ని కాదు. ఆ రోజు నా సంచి సగం సర్ది సగం సర్దకుండా ఉంది. నువ్వు ఆ మాట అన్నావు కాబట్టే ఎక్కాను. వెనక్కి చూసుకోకూడదని రిజిస్టరులో నా పేరు కూడా కొట్టించావు. అదంతా నాటకమని, నన్ను బయటికి నెట్టడానికే చేశావని ఇన్నేళ్ళూ తెలుసుకోలేకపోయాను. చదువుకున్నదాన్ని, నా లెక్క నాకే అర్థం కాలేదు. నన్ను క్షమించు.

పోర్చుగల్‌లో మూడేళ్ళ ఉద్యోగం ఇస్తామన్నారు. జనవరి నెలాఖరులోగా ఒప్పుకున్నట్టు రాయాలి. నిజం చెప్పాలంటే మార్చి తర్వాత ఇంటికి వచ్చి, కావలి కాలేజీలో ఏదైనా పాఠాలు చెప్పుకుంటూ నీ దగ్గర ఉందామని అనుకున్నాను. అడగడానికి ధైర్యం లేక రెండు ఉత్తరాలు దాటేశాను. ఇప్పుడు అడగను. నువ్వు అంత చేసి నెట్టిన తర్వాత తిరిగి వచ్చి అదంతా వృథా చేయకూడదు. వెళ్తాను.

నీ చెల్లెలు,
కెజియా


మొగిలిపాళెం,
28 డిసెంబరు 2023

కెజియా,

క్రిస్మస్ పనుల్లో పడి నీ ఉత్తరం తేవడం పోస్టుమాన్ ఆలస్యం చేశాడు. అందిన రోజే కూర్చుని రాస్తున్నాను. జనవరి నెలాఖరు అన్నావు, అందుకని స్పీడ్ పోస్టులో వేస్తాను.

నీ లెక్క తప్పు. బిలం లెక్క నాకు తెలియదు, నా లెక్క తప్పు. నేను నాటకం ఆడలేదు. నేనంత గొప్పదాన్ని కాదు. నీ బాగు కోసం గుండె రాయి చేసుకుని తిట్టి పంపే అక్కల గురించి గుళ్ళో చెప్పే సాక్ష్యాల్లో విన్నాను, ఎక్కడైనా ఉన్నారేమో. నేను మాత్రం కోపంతోనే అన్నాను. నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. అమ్మ మంచం ఖాళీగా ఉన్న ఇంట్లో ఒక్కదాన్ని ఉండలేను, ఉండిపోవే అని అడగడానికి నోరు రాలేదు. ఆ నోటికి తిట్టడం వచ్చింది. గడప తొక్కొద్దంటే భయపడి దిగుతావనుకున్నాను. నువ్వు ఎక్కావు.

రైలు పోయాక నేను ఇంటికి రాలేదు. అదే బెంచీ మీద కూర్చున్నాను. తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి బండెక్కుతావని నా నమ్మకం. అటు వైపు నుంచి వచ్చిన మూడు బళ్ళు చూశాను. ప్రతి బండిలో దిగిన ఆడవాళ్ళందరినీ చూశాను. మూడోది పోయాక ఊడ్చే ఆయన వచ్చి "ఎవరి కోసం ఉండావు తల్లీ" అంటే, ఎవరి కోసమూ కాదన్నాను.

బదిలీ పత్రం సంగతి కూడా రాస్తాను, సిగ్గుపడుతూనే. ఇంకో సంఘంలో చేరాలన్నా, గుళ్ళో పెళ్ళి చేసుకోవాలన్నా ఆ పత్రం ఉండాలి. అది నా దగ్గర ఉంటే ఏదో ఒక రోజు దాని కోసమైనా నన్ను అడుగుతావని తీసుకున్నాను. అక్కా, పత్రం ఇవ్వు అని నువ్వు రావాలి, నేను రెండు రోజులు బెట్టు చేయాలి, ఆ రెండు రోజులూ నువ్వు మన ఇంట్లో ఉంటావు. ఇదీ నా ఎత్తు. నువ్వు ఏ సంఘంలోనూ చేరకుండా ఆదివారాలు ఆఫీసులో కూర్చుంటావని నేనెట్లా అనుకుంటాను? అయిదేళ్ళుగా ఆ కాగితం బైబిల్లో పెట్టుకుని, నువ్వు అక్కడ మంచి సంఘంలో పదిమంది మధ్య ఉన్నావని, పత్రం కూడా అక్కర్లేనంత బాగున్నావని కుళ్ళుకున్నాను.

ఇంకో అబద్ధం. గుంటలు లేవు. పోయిన ఏడాది తెల్లమచ్చ తెగులు వచ్చి రొయ్యలన్నీ మూడు రోజుల్లో తేలిపోయాయి. గుంటల మీద పనిచేసే చిన్నపోలయ్య ఏరియేటర్లు విప్పి గట్టు మీద బోర్లా పెట్టాడు. ఇంజిను ఆగిందని కూడా నేను వినలేదు, చక్రాలు నిలిచిపోవడం కంటితో చూసి తెలుసుకున్నాను. అప్పటినుంచి పనీ లేదు, చప్పుడూ లేదు. పొద్దున లేచి ఎండిన గుంట చుట్టూ ఒకసారి నడిచి వస్తాను. గుంటల పనితో సరిపోతోందని నీకెందుకు రాశానంటే, ఒంటరిదైపోయిందని జాలిపడి వస్తావేమోనని. జాలితో రావడం నాకు వద్దు. నీకు రావాలని ఉండి రావాలి. అది మాత్రం అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను. నాకు ఒంటరిగా ఉంది కెజియా. వస్తావా?

పోర్చుగల్ నీకు ఇష్టమైతే వెళ్ళు. నిజంగా అంటున్నాను. బదిలీ పత్రం ఇందులోనే పెట్టాను. చేరే సంఘం పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉంది, అక్కడ ఏదో ఒకటి చూసుకుని రాసుకో, ఆదివారాలు మనుషుల మధ్య కూర్చో. కానీ నేను త్యాగం చేశానని మాత్రం వెళ్ళొద్దు. నేను చేయని దానికి నువ్వు మూడేళ్ళు ఎందుకు చెల్లించాలి?

ఆండ్రూ పాస్టరుగారి దగ్గరికి పోయి మా చెల్లెలి పేరు మళ్ళీ రాయండి అన్నాను. పత్రం తెచ్చి, మనిషి సంఘం ముందు నిలబడి తన పేరు తాను చెబితేనే రాస్తారంట. దాని బదులు నేను నిలబడతాను అంటే నవ్వారు.

చివరగా ఒకటి అడుగుతాను. ఆ రెండు ముక్కల్లో ఏదీ లోపల పడకుండా, రెండూ బయటికి వచ్చేస్తే ఏమవుతుంది? అది మీ పుస్తకాల్లో ఉందా?

నీ అక్క,
డెబోరా


పూణె,
6 జనవరి 2024

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మొత్తం పైకి చదివాను. పక్క గదిలో అమ్మాయి వచ్చి ఏమైందని అడిగింది. మా అక్క ఉత్తరం రాసింది అని చెప్పాను.

రెండూ బయటికి వస్తే లాభమేమీ ఉండదు. ఎంత లోపలికి వెళ్ళిందో అంతే బయటికి వస్తుంది, ఒక పిసరు ఎక్కువ కూడా రాదు. బిలం తిరుగుతూనే ఉంటుంది. అందుకే పుస్తకాల్లో ఎవరూ దాని జోలికి పోరు. నిన్న నేను లెక్క వేశాను, ఒక్క వరసలో అయిపోయింది.

పోర్చుగల్ వాళ్ళకు సెప్టెంబరు ముందు రాలేనని రాశాను. అప్పటిదాకా ఆగుతారో లేదో తెలియదు. ఆగకపోతే పోనీ, ఇంకొకటి చూసుకుంటాను. జాలితో రావడం లేదు. ఆరేళ్ళుగా నాకు రావాలనే ఉంది, నువ్వు వద్దన్నావని ఆగాను.

బదిలీ పత్రం నా దగ్గరే ఉంది. చేరే సంఘం పేరు రాయవలసిన ఖాళీలో మొగిలిపాళెం సంఘం అని రాశాను. ఎవరూ తాను ఉన్న సంఘం నుంచి అదే సంఘానికి బదిలీ కారని పాస్టరుగారు నవ్వుతారేమో, నవ్వనీ. మార్చి ఇరవై నాలుగు మట్టలాదివారం. ఆ రోజు నిలబడి నా పేరు చెబుతాను. నువ్వు ముందు బెంచీలో, నా పెదవులు కనపడేచోట కూర్చో. సోమవారం నెల్లూరు చెవి డాక్టరు దగ్గరికి పోదాం, తీరిక లేదని ఇక చెప్పడానికి లేదు.

నా రైలు మార్చి ఇరవై రెండు, శుక్రవారం ఉదయం కావలి వస్తుంది. స్టేషనుకు రా. బండి వచ్చే చప్పుడు నీకు తెలియదు కాబట్టి పెట్టెల వెంట వెతుక్కుంటూ తిరగొద్దు. ఆ బెంచీ మీదే కూర్చో. నేనే నీ దగ్గరికి వస్తాను.

నీ చెల్లెలు,
కెజియా